ఏ మూలకు ఏ కెమెరా

మడకశిర పల్లెల్లో రైతు ఆస్తి ఇంట్లో కంటే ఇంటి చుట్టూనే ఎక్కువ. బీరువాలోని బంగారానికి గోడ ఉంది, తలుపు ఉంది, తాళం ఉంది, గడప పక్కన పడుకున్న మనిషి ఉన్నాడు. కొట్టంలోని పాడి ఆవులకు, దొడ్డిలోని గొర్రెలకు, కళ్లంలో ఆరబోసిన శనక్కాయకు, నాలుగో జ్వరం (పొర విడిచే దశ) దాటిన పట్టుపురుగులున్న షెడ్డుకు, బోరు దగ్గరి స్టార్టర్ పెట్టెకు, అక్కడి నుంచి బోరులోకి దిగే రాగి కేబులుకు ఉన్న కాపలా ఒక కుక్క, ఒక బల్బు. ఆ బల్బు కూడా కరెంటు ఉన్నంతసేపే.

అయినా సీసీ కెమెరాలు పెట్టించుకున్న ఇళ్లలో చూస్తే అవి గేటు మీద, వరండాలో, హాల్లో, మిద్దె మీద కనిపిస్తాయి. దుకాణంలో నాలుగు కెమెరాల ప్యాకేజీ అమ్ముతారు. బిగించడానికి వచ్చిన కుర్రవాడు ప్లగ్గు, రౌటర్ ఎక్కడుంటే దానికి దగ్గరగా బిగించి వెళ్లిపోతాడు. సొత్తు ఉన్నచోట కరెంటు లేదు, కరెంటు ఉన్నచోట దొంగకు పని లేదు. ఈ ప్రాంతంలో కెమెరాల కోసం పెట్టిన డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. కంపెనీ పేరు, మెగాపిక్సెళ్ల లెక్క తర్వాతి సంగతి. పోతే తట్టుకోలేని వస్తువు ఎక్కడుంది, రాత్రి రెండు గంటలకు అక్కడ కరెంటు ఉంటుందా, ఫోనుకు సిగ్నల్ అందుతుందా అన్నవి ముందు తేలాలి.

మడకశిర సముద్రమట్టానికి సుమారు 670 మీటర్ల ఎత్తులో ఉన్న మెట్ట ప్రాంతం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో అనంతపురం నుంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చింది. మూడు పక్కలా కర్ణాటకే. రొళ్ల, అగళి, అమరాపురం, గుడిబండ వైపు వెళ్తే వక్క తోటలు, మల్బరీ మడులు, మధ్యలో రాతి గుట్టలు కనిపిస్తాయి. వానలు నమ్మలేని నేల కాబట్టి వయసు పిల్లలు బెంగళూరు బస్సెక్కుతారు, ఇంటి దగ్గర అమ్మానాన్నలే మిగులుతారు. కెమెరా కొనేది బెంగళూరులోని కొడుకు, దాని కింద బతికేది ఊళ్లోని తల్లిదండ్రులు. ఎంపికలో ఈ సంగతి మరవకూడదు. ఫోనులో యాప్ తెరవడం రాని పెద్దాయనకు గోడకు తగిలించిన చిన్న టీవీలో నాలుగు బొమ్మలు ఎప్పుడూ కనిపించే ఏర్పాటే ఎక్కువ పనికొస్తుంది.

ఈ గుట్టల్లో ఎలుగుబంట్లున్నాయి. అవి తోటల్లోకి, ఊళ్లలోకి రావడం ఇక్కడి పత్రికలకు కొత్త వార్త కాదు. అర్ధరాత్రి కుక్క ఆపకుండా మొరిగితే టార్చి పట్టుకుని కొట్టం వైపు నడవడం పాత అలవాటు. ఎదురయ్యేది దొంగయినా ఎలుగైనా ప్రమాదమే. గడప దాటకుండా కొట్టం ముందు ఏముందో చూసుకోగలగడం ఈ ప్రాంతంలో కెమెరా చేసే అన్నిటికన్నా పెద్ద మేలు. దొంగను పట్టించడం దాని తర్వాతే.

మూడు ప్రశ్నలు, ఒక కాగితం

ఊరి చివర ఒక ఇల్లు అనుకుందాం. ఇంటికి 40 మీటర్ల దూరంలో పశువుల కొట్టం, 90 మీటర్లలో పట్టుపురుగుల షెడ్డు, పొలంలో 400 మీటర్ల అవతల బోరు. ఈ నాలుగు చోట్లకూ ఒకే రకం కెమెరా సరిపోదు. కొనే ముందు రాత్రిపూట, లైట్లు ఆర్పేశాక, కాగితం పట్టుకుని ఒకసారి చుట్టూ తిరిగి రావాలి. దొంగ ఏ వైపు నుంచి రాగలడు, బండి ఎక్కడ ఆపగలడు, సరుకు ఏ దారిన బయటికి పోతుంది అని గుర్తులు పెట్టుకోవాలి. గొర్రెలను ఎత్తుకుపోవాలంటే ఆటో కావాలి, ఆటోకు బాట కావాలి. దొడ్డికి నాలుగు పక్కలా కెమెరాలు పెట్టేకన్నా ఆ బాట మీద ఒక మంచి కెమెరా పెడితే మేలు.

ప్రతి చోటా అడగాల్సిన ప్రశ్నలు మూడు. ఎవరో వచ్చారని తెలిస్తే చాలా? వచ్చినవాళ్లు తెలిసినవాళ్లయితే పోల్చుకోగలగాలా? కొత్త ముఖాన్నీ గుర్తుపట్టేలా ఉండాలా? ఈ మూడింటి మధ్య తేడాను ఐఈసీ 62676-4 అనే అంతర్జాతీయ ప్రమాణం 2014 కూర్పు లెక్కల్లో చెప్పింది. దృశ్యంలో ఒక్కో మీటరు వెడల్పుకు 25 పిక్సెళ్లు ఉంటే అక్కడ మనిషి ఉన్నాడని తెలుస్తుంది. 125 ఉంటే తెలిసిన మనిషిని ఫలానా అని పోల్చుకోవచ్చు. ముఖం తెలియని కొత్తవాణ్ని సందేహం లేకుండా గుర్తించాలంటే 250 కావాలి.

2 మెగాపిక్సెల్ కెమెరా బొమ్మ అడ్డంగా 1920 పిక్సెళ్లు. దాన్ని 250తో భాగిస్తే దాదాపు 7.7 మీటర్లు. అంటే కెమెరా చూసే వెడల్పు అంతకు మించితే కొత్త ముఖం గుర్తుపట్టడం కష్టం. దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడయ్యే 2.8 మిల్లీమీటర్ల లెన్సు వందకు పైగా డిగ్రీలు చూస్తుంది. మూడు మీటర్ల దూరానికే ఆ వెడల్పు దాటిపోతుంది. అదే కెమెరాకు 6 మిల్లీమీటర్ల లెన్సు ఉంటే ఎనిమిది మీటర్ల దాకా, 12 మిల్లీమీటర్లదైతే పదిహేను మీటర్ల పైదాకా ముఖం దక్కుతుంది. చూసే వెడల్పు మాత్రం తగ్గుతుంది.

కాబట్టి పెరడంతా ఒకే చూపులో కనబడాలంటే 2.8, గేటు దగ్గరో బాట మలుపు దగ్గరో ముఖం కావాలంటే 6 లేదా 12 అడగాలి. లెన్సు ఎంత అని అడిగితే చెప్పలేని దుకాణంలో కొనకపోవడం మంచిది. మెగాపిక్సెళ్లు 2 నుంచి 4కు, 8కి పెంచితే వెడల్పు లెక్క మెరుగుపడుతుంది, నిజమే. కానీ ఒకే పరిమాణమున్న సెన్సార్ మీద పిక్సెళ్లు పెరిగేకొద్దీ ఒక్కో పిక్సెల్‌కు అందే వెలుతురు తగ్గుతుంది. వీధి దీపం లేని పల్లె చీకట్లో చవక 8 మెగాపిక్సెల్ కన్నా నాణ్యమైన 2 లేదా 4 మెగాపిక్సెల్ స్పష్టంగా చూపిస్తుంది.

బోరు దగ్గర రాత్రి కరెంటు ఉండదు

ఈ మెట్టలో బోర్లు వెయ్యి అడుగుల దాకా దిగాయి. అంత లోతున ఉన్న సబ్‌మెర్సిబుల్ మోటారును రాత్రికి రాత్రి పైకి లాగడం దొంగకు తేలిక పని కాదు. వాడి చెయ్యి పడేది పైన కనిపించే కేబులు మీద, స్టార్టర్ మీద, డ్రిప్పు పరికరాల మీద, ట్రాన్స్‌ఫార్మర్‌లోని రాగి చుట్ట మీద. నష్టం తెగిన కేబులు ఖరీదుతో ఆగదు. కొత్తది తెచ్చి అతికించేదాకా తడి అందక మల్బరీ వాడుతుంది, ఆకు లేక షెడ్డులో పురుగులు పస్తుంటాయి.

కెమెరా కంటే ముందు చేయాల్సిన చవక పనులు కొన్నున్నాయి. కేబులును ఇనుప పైపులో వేసి పూడ్చడం, స్టార్టర్ పెట్టెను సిమెంటు దిమ్మెకు బోల్టులతో బిగించడం, బోరు మూతకు తాళం. ఇవి చేయకుండా కెమెరా ఒక్కటే పెడితే దొంగతనం ఎలా జరిగిందో వీడియో మిగులుతుంది, కేబులు మిగలదు.

ఆ తర్వాత కరెంటు. రాష్ట్రంలో వ్యవసాయానికి ఇచ్చేది పగటిపూట తొమ్మిది గంటల ఉచిత విద్యుత్తు. మోటారు షెడ్డు లైను మీద కెమెరా తగిలిస్తే దొంగ వచ్చే వేళకు అది నిద్రపోతుంది. ఇక్కడ సోలార్ తప్ప దారి లేదు, దానికి ఇంతకన్నా అనువైన నేలా లేదు. మడకశిరను ఆనుకున్న పావగడలోనే 2,050 మెగావాట్ల సోలార్ పార్కు నడుస్తోంది. అదే ఎండ ఇటు పొలాల మీదా పడుతోంది.

సోలార్ కెమెరాలు రెండు రకాలు. మొదటిది చిన్న పలకతో, లోపలే బ్యాటరీతో వస్తుంది. మామూలు వేళ నిద్రలో ఉండి, కదలిక పసిగడితే మేల్కొని పది, ఇరవై సెకన్లు రికార్డు చేస్తుంది. పీఐఆర్ అనే ఆ సెన్సార్ శరీర వేడికీ పరిసరాల వేడికీ ఉన్న తేడాను బట్టి పనిచేస్తుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలి వేడి ఒంటి వేడికి దగ్గరైనప్పుడు అది మందగిస్తుంది. రాత్రి బాగానే పట్టుకుంటుంది. మేల్కొనడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది కాబట్టి వేగంగా దాటిపోయే బైకు వెనక చక్రమే దొరకవచ్చు. బోరు దగ్గర మనిషి నిలబడి పని చేస్తాడు, అక్కడికి ఈ రకం చాలు.

రెండో రకం రాత్రీ పగలూ ఆగకుండా రికార్డు చేస్తుంది. దానికి లెక్క వేసి కొనాలి. సిమ్‌తో నడిచే కెమెరా 5 వాట్లు తీసుకుంటుందనుకుంటే రోజుకు 120 వాట్ అవర్లు. 12 వోల్టుల 20 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 240, అంటే కాగితం మీద రెండు రోజులు, వాడకంలో అంతకు తక్కువ. 40 వాట్ల పలక రోజుకు ఐదు గంటల నిండు ఎండలో, నష్టాలు తీసేస్తే, 140 దాకా ఇస్తుంది. మబ్బు పట్టే రోజులకు ఇది బొటాబొటి. 60 వాట్ల పలక తీసుకుంటే నిశ్చింత. పలక మీద దుమ్ము పేరుకుంటే ఈ లెక్కలన్నీ తప్పుతాయి. వారానికోసారి తడిగుడ్డతో తుడవాలి.

సిమ్ సంగతి పొలంలోనే తేలాలి. కర్ణాటక సరిహద్దు కాబట్టి కొన్ని చోట్ల అవతలి టవరే బలంగా అందుతుంది. ఇంట్లో నాలుగు గీతలు చూపించిన ఫోను బోరు దగ్గర ఒక గీతకు పడిపోవచ్చు. రెండు మూడు కంపెనీల సిమ్‌లున్న ఫోన్లు అక్కడికే తీసుకెళ్లి, కెమెరా పెట్టే ఎత్తులో పట్టుకుని వీడియో కాల్ చేసి చూడాలి. డేటా ఖర్చు భయపడినంత ఉండదు. కదలికకు మాత్రమే పంపే పది సెకన్ల వీడియో ఒకటింబావు ఎంబీకి అటూ ఇటూ. కానీ బెంగళూరులో కూర్చుని గంటసేపు లైవ్ చూస్తే 450 ఎంబీ కరిగిపోతుంది.

కొట్టానికి వైరు, షెడ్డుకు జాగ్రత్త

ఇంటి కరెంటు అందే కొట్టానికి వైరు లాగడమే మంచిది. వైఫై కెమెరా బిగించడం సులువు, కానీ రాతి గోడలు, ఇనుప రేకులు సిగ్నల్‌ను మింగేస్తాయి. తప్పనిసరై వైఫై వాడితే 5 గిగాహెర్ట్జ్ కన్నా 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది. నెట్‌వర్క్ కేబులు ఒక్కదానిలోనే కరెంటూ బొమ్మా రెండూ పోయే పీఓఈ పద్ధతికి హద్దు 100 మీటర్లు. 40 మీటర్ల కొట్టానికి హాయిగా, 90 మీటర్ల షెడ్డుకు అంచుల్లో సరిపోతుంది. లోపల అచ్చమైన రాగి ఉన్న కేబులే కొనాలి. అల్యూమినియం మీద రాగి పూత వేసినది చవకగా దొరుకుతుంది, దూరానికి ఆగదు.

డీవీఆర్ అనే రికార్డరుకు తగిలించే కెమెరాలకు 12 వోల్టుల కరెంటును సన్నటి వైరులో ఇంటి నుంచి పంపేవాళ్లున్నారు. దాని వల్ల ఒక వింత జబ్బు వస్తుంది. పగలంతా బొమ్మ బాగుంటుంది. చీకటి పడి కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే బొమ్మ ఆగి ఆగి వస్తుంది, నల్లబడుతుంది, మళ్లీ మొదలవుతుంది. అర చదరపు మిల్లీమీటరు రాగి వైరులో 90 మీటర్లు పోయి రావడానికి, అర ఆంపియరు వాడకంలో, మూడు వోల్టులు దారిలోనే పోతాయి. అవతల అందేది తొమ్మిది. రాత్రి పనిచేయాల్సిన కెమెరా రాత్రే మూగబోతుంది. కెమెరాలో లోపం వెతికేవాళ్లు ముందు అక్కడ మీటరు పెట్టి వోల్టేజి చూడాలి.

పిడుగుల భయం ఈ మెట్టలో నిజమైనది. రెండు కట్టడాల మధ్య లాగిన రాగి తీగ పిడుగు పోటును ఇంట్లోకి మోసుకొస్తుంది, రౌటర్, రికార్డర్, టీవీ ఒకేసారి పోతాయి. రెండు చివరలా సర్జ్ ప్రొటెక్టర్లు, వాటికి సరైన ఎర్తింగ్ ఉండాలి. దూరపు షెడ్డుకు ఆప్టికల్ ఫైబర్ లాగితే ఇంకా మేలు, గాజు తీగలో కరెంటు పారదు. లేదంటే ఇంటి మీద ఒకటి, షెడ్డు మీద ఒకటి పెట్టే వైర్‌లెస్ బ్రిడ్జి చాలు. రెండూ ఒకదానికొకటి కనబడాలి, మధ్యలో చింతచెట్టు ఉంటే చిగురు వేసే నెలల్లో సిగ్నల్ తగ్గుతుంది. పూడ్చే కేబులుకు పైపు తప్పదు, ఎలుకలూ ఉడుతలూ వదలవు.

పట్టుపురుగుల షెడ్డు లోపల కెమెరా పెట్టడం వేరే పని. పడకల మీద సున్నం చల్లుతారు, పంటకూ పంటకూ మధ్య బ్లీచింగ్ పౌడరుతో షెడ్డంతా శుద్ధి చేస్తారు, పురుగుల కోసం గాలిలో తేమ ఎక్కువగా ఉంచుతారు. సున్నం పొడి లెన్సు మీద పొరకడుతుంది, క్లోరిన్ ఆవిరి ఇనుప మరలనూ కనెక్టర్లనూ తినేస్తుంది. ఐపీ66 లేదా ఐపీ67 గుర్తున్న కెమెరా దుమ్మునూ నీటినీ ఆపుతుంది గానీ రసాయనాన్ని ఆపుతుందని ఆ గుర్తు చెప్పదు. ప్లాస్టిక్ ఒంటి కెమెరా ఎంచుకుని, కనెక్టర్ల మీద సీలు టేపు చుట్టి, శుద్ధి చేసే రోజు ఊడదీసి పక్కన పెట్టాలి. దొంగ కోసమే అయితే తలుపు బయట ఒకటి చాలు. లోపలి కెమెరా అవసరమయ్యేది రాత్రి పడకలను చూసుకునేవారికి.

సాలీడు చేసే పని

రాత్రి తెలుపు నలుపుల్లో కనిపించే బొమ్మకు వెలుతురునిచ్చేవి కెమెరా చుట్టూ ఉండే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు. మనిషి కంటికి కనబడని ఆ వెలుతురుకు పురుగులు చేరతాయి. పురుగుల కోసం సాలీడు వస్తుంది, లెన్సుకు అడ్డంగా గూడు కడుతుంది. ఒక్క దారం చాలు, దీపానికి దగ్గరగా ఉండడం వల్ల అది తెరలో సగం మందాన తెల్లటి తాడులా మెరుస్తుంది. గాలికి ఊగిన ప్రతిసారీ కెమెరా కదలిక అనుకుని ఫోనుకు కబురు పంపుతుంది. మూడు రాత్రులు ఇలా మోగాక ఇంట్లోవాళ్లు అలారం తీసేస్తారు. నాలుగో రాత్రి ఏం జరిగినా ఎవరికీ తెలియదు. కెమెరాలోని దీపాలు ఆపేసి, రెండు మూడు అడుగుల పక్కన విడిగా ఇన్‌ఫ్రారెడ్ దీపం పెడితే పురుగులు అటు పోతాయి. అది కుదరకపోతే వారానికోసారి పొడి బ్రష్షుతో దులపాలి. మనిషినీ వాహనాన్నీ మిగతా కదలికల నుంచి వేరుచేసే సౌకర్యం ఉన్న కెమెరాకు కొంచెం ఎక్కువ డబ్బు పెట్టడం వృథా కాదు.

ఎత్తు విషయంలో చాలామంది మిద్దె అంచునే ఎంచుకుంటారు, చెయ్యి అందకూడదని. పన్నెండు అడుగులు దాటితే దొరికేది తలపాగా, టోపీ. ముఖం కావాలంటే ఎనిమిది, తొమ్మిది అడుగుల ఎత్తు సరి. చెయ్యి అందే కెమెరాను మరో కెమెరా చూసేలా పెట్టుకోవాలి. సూర్యుడికి ఎదురుగా తూర్పు, పడమరలకు తిప్పితే పొద్దునా సాయంత్రం బొమ్మ తెల్లబడుతుంది. మనిషి దగ్గరికి రాగానే తెల్లటి లైటు వెలిగించి రంగుల్లో చూపించే కెమెరాలు ఇప్పుడు వస్తున్నాయి. బాట మీద పెట్టడానికి అవి మంచివి, చాలామంది దొంగలు ఆ వెలుతురుకే వెనక్కి తిరుగుతారు. పశువుల మీద మాత్రం ఆ లైటు పడనివ్వకూడదు.

రికార్డు ఎక్కడ దాగాలి

2 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు 21.6 జీబీ. నాలుగు కెమెరాలకు 86 జీబీ పైన. 1 టీబీ హార్డ్ డిస్క్ పదకొండు రోజుల్లో నిండి పాతదాని మీదే కొత్తది రాసుకుంటుంది. హెచ్.265 పద్ధతిలో కుదిస్తే ఇందులో సగం సరిపోవచ్చు. ఇరవై రోజుల రికార్డయినా ఉంచుకోవాలి. గోడౌన్‌లోంచి బస్తా పోయిన సంగతి చాలాసార్లు అమ్మే రోజు లెక్కపెట్టినప్పుడే బయటపడుతుంది. కంప్యూటరు డిస్కు వాడకూడదు, రాత్రింబవళ్లు రాసే నిఘా డిస్కులు వేరే ఉన్నాయి.

రికార్డర్ టీవీ కింద ఉంటే దొంగ దాన్నీ సంచిలో వేసుకుపోతాడు. లోపలి గదిలో, తాళం వేసిన పెట్టెలో, గాలి ఆడేలా పెట్టాలి. రౌటర్‌కు, రికార్డర్‌కు, పీఓఈ స్విచ్చికి కలిపి చిన్న ఇన్వర్టర్ ఉండాలి. కెమెరాలోనే మెమరీ కార్డు ఉంటే రెండో కాపీ మిగులుతుంది.

ఇంటర్నెట్ కనెక్షన్ ఏదైనా కెమెరా, రికార్డర్ల పాస్‌వర్డ్ మార్చడం తప్పదు. 2016 అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి అందలేదు. మిరాయ్ అనే ప్రోగ్రాం ప్రపంచమంతటా ఫ్యాక్టరీ పాస్‌వర్డులతో వదిలేసిన కెమెరాలను, రికార్డర్లను లొంగదీసుకుని వాటితోనే ఆ దాడి చేసింది. వాటి యజమానుల్లో చాలామందికి ఆ సంగతే తెలియదు. మన దేశంలో కేంద్ర ఐటీ శాఖ 2024 ఏప్రిల్‌లో సీసీ కెమెరాలకు భద్రతా నిబంధనలు ప్రకటించింది, అవి 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి వచ్చాయి. కొనేటప్పుడు ఆ మోడల్‌కు ఆ శాఖ పరీక్షా విభాగమైన ఎస్‌టీక్యూసీ ధ్రువీకరణ ఉందా అని అడిగి, మోడల్ నంబరు బిల్లు మీద రాయించుకోవాలి. కడప జిల్లా కొప్పర్తిలో సీపీ ప్లస్ కెమెరాల కర్మాగారం ఉంది. అయినా ఏ పేరు కొన్నా చూడాల్సింది హిందూపురంలోనో మడకశిరలోనో రిపేరుకు మనిషి దొరుకుతాడా అన్నది.

బిగించిన కెమెరా పనిచేస్తోందని అనుకోవడం ఎంత ప్రమాదమో రాష్ట్రం ఒకసారి చూసింది. 2020 సెప్టెంబరు 5 అర్ధరాత్రి దాటాక అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయినప్పుడు అక్కడి సీసీ కెమెరాలు పనిచేయడం లేదని పత్రికలు రాశాయి. ఏం జరిగిందో చూపించాల్సిన బొమ్మ లేకపోవడంతో అనుమానాలే మిగిలాయి. ఇంట్లో నెలకోసారి ఒక మనిషిని రాత్రిపూట కొట్టం చుట్టూ నడిపించి, మర్నాడు ఆ రికార్డు తీసి చూడాలి. ముఖం కనబడిందా, గడియారం సరిగా ఉందా. రికార్డర్ లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది.

పొరుగింటి తడిక

పల్లెలో చాలా ఇళ్లకు స్నానాల గది పెరట్లోనే, పైకప్పు లేని తడికల మధ్యే. మిద్దె మీది కెమెరాకు అది నేరుగా కనబడుతుంది. అలా ఆడవాళ్లను చూడటం, చిత్రించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. ఉమ్మడిగా ఉంటున్న ఇంట్లో మిగతావాళ్ల అంగీకారం లేకుండా కెమెరాలు నడపడం గోప్యతకు భంగమని కలకత్తా హైకోర్టు 2025లో చెప్పింది. కేసుల మాట అలా ఉంచినా, పక్కింటి ఆడవాళ్లు తమ పెరట్లో తాము సంకోచంతో తిరగాల్సి రావడం అన్యాయం. బిగించే రోజే పొరుగువాళ్లను పిలిచి తెరలో ఏం కనబడుతుందో చూపించాలి. ప్రైవసీ మాస్క్ అనే సౌకర్యంతో ఆ భాగాన్ని నల్లగా కప్పేయవచ్చు. ఇంట్లో ఉండే అమ్మానాన్నలకూ ఇదే మర్యాద. పడకగదిలోకి చూసే కెమెరా పెట్టే ముందు వాళ్లను అడగాలి, వద్దంటే మానాలి.

పెళ్లికో తీర్థానికో ఇల్లంతా తాళం వేసి వెళ్లే కుటుంబాల కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే పద్ధతి తెచ్చారు. యాప్‌లో నమోదు చేసుకుని ప్రయాణం తేదీలు చెబితే వాళ్లే ఇంట్లో కెమెరా పెడతారు, కదలిక ఉంటే కంట్రోల్ రూముకు కబురు వెళ్తుంది. రుసుము లేదు. ఏడాదికి రెండు మూడు సార్లు మాత్రమే ఇల్లు వదిలేవాళ్లు హాల్లోకి కెమెరా కొనే ముందు స్టేషన్‌కు వెళ్లి ఈ సేవ సంగతి కనుక్కుంటే, ఆ డబ్బు కొట్టానికో బోరుకో పెట్టుకోవచ్చు.

దొంగతనం జరిగాక

మొదటి పని రికార్డర్‌ను కాపాడుకోవడం. ఆ రోజు వీడియోను వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి ఎగుమతి చేయాలి, లేకపోతే దాని మీద కొత్తది రాసుకుపోతుంది. వాట్సాప్‌లో పంపిన కాపీ కుదించుకుపోతుంది, ముఖం మసకబారుతుంది. వీధి గ్రూపులో ఫలానా వాడే దొంగ అని పెట్టడం ఇంకా చేటు. తప్పు మనిషి పేరు ఊళ్లో ఒకసారి పడితే పోదు.

దొంగ బండి కర్ణాటక వైపు వెళ్లిందని కెమెరాలో కనిపించినా, నేరం ఎవరి పరిధి అన్న వాదనలో రోజులు పోనక్కర్లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ పరిధిలో జరిగినా స్టేషన్ ఫిర్యాదు తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి.

కోర్టులో వీడియో నిలబడాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ చెప్పిన ధ్రువపత్రం జతచేయాలి. అందులో మొదటి భాగం పరికరం యజమాని, రెండో భాగం నిపుణుడు నింపుతారు, ఆ ఫైలుకు వేలిముద్ర లాంటి హాష్ విలువ కూడా రాయాలి. 2020 జులై 14న అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు పాత చట్టం కింద ఇలాంటి పత్రం తప్పనిసరి అని చెబుతూ, అసలు పరికరాన్నే యజమాని కోర్టుకు తెచ్చి సాక్ష్యం చెబితే పత్రం అవసరం లేదని కూడా చెప్పింది. అందుకే కేసు నడిచినన్నాళ్లూ ఆ హార్డ్ డిస్కును తుడిచేయకూడదు. ఇంట్లో కొత్త డిస్కు వేసుకుని, పాతదాన్ని కవరులో పెట్టి తేదీ రాసి బీరువాలో ఉంచాలి. పోలీసులకు డిస్కు ఇచ్చినా పెన్‌డ్రైవ్ ఇచ్చినా దాని సీరియల్ నంబరు, తేదీ, రికార్డర్ గడియారం అసలు టైముకు ఎన్ని నిమిషాలు ముందో వెనకో రాయించి రసీదు తీసుకోవాలి.